యుద్ధం సినిమాకి డబ్బింగ్ ఎందుకండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

రోడ్ల గురించీ కరెంటు గురించీ రాసేవాళ్ళ మధ్యలో నా గోడు మరీ చిన్నదనిపించొచ్చు, కానీ థియేటర్ కూడా నలుగురూ డబ్బులు పెట్టి వెళ్ళే చోటే కదా, అందుకే రాస్తున్నా. ఈమధ్య ఓ సాయంత్రం ఒక్కణ్ణే ఒక విదేశీ యుద్ధం సినిమాకి వెళ్ళాను. ఇలాంటివాటికి తోడు రమ్మంటే ఎవరూ రారు, వచ్చినా అరగంటకోసారి ఇంకా ఎంతసేపు అంటారు, పైగా యుద్ధం సినిమా చూసి బయటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు నాకు, కాబట్టి ఒంటరిగా వెళ్ళడమే సుఖం. మొదటి ప్రపంచ యుద్ధం, ఫ్రాన్స్‌లో ట్రెంచులు, ఇటు జర్మన్లు అటు ఫ్రెంచివాళ్ళు. ఏ భాషలో వేస్తున్నారన్నది పోస్టర్ మీద లేదు, టికెట్ మీదా లేదు. సినిమా మొదలయ్యాక తెలిసింది, రెండు పక్కలవాళ్ళూ తెలుగే మాట్లాడుతున్నారని.

డబ్బింగ్ అంటే నాకు చిన్నచూపేం లేదు. రాక్షసబల్లులు తరుముకొచ్చే సినిమా, గ్రహాంతరవాసుల సినిమా ఏ భాషలో ఉన్నా పెద్ద తేడా పడదు, బల్లికి ఎలాగూ డైలాగులుండవు. యుద్ధం సినిమా అలా కాదండీ. ఎవడు ఏ భాష మాట్లాడుతున్నాడన్నది అక్కడ కథలో సగం. యూనిఫాం చూసి గుర్తుపట్టొచ్చు కదా అంటారేమో, జర్మన్లది బూడిద రంగు, ఫ్రెంచివాళ్ళది 1915 నుంచి లేత నీలం, ఇవన్నీ నిజమే గానీ సినిమా మొదలైన కాసేపటికి అందరూ బురద రంగే, అందులోనూ రాత్రి సీన్లు. నా వెనక వరసలో ఒకాయన చివరిదాకా పక్కనున్నాయన్ని అడుగుతూనే ఉన్నాడు, ఇప్పుడు చచ్చిపోయింది మనవాడా వాళ్ళవాడా అని. ఆయన్ననడానికేం లేదు, పాపం ఇద్దరూ ఒకే యాసలో అరుస్తుంటే ఎలా తెలుస్తుంది.

ఒక్క సీన్ చెప్తాను. కూలిపోయిన ఇంట్లో ఒక జర్మన్ కుర్రాడు, వాడి ముందు గోడకి జారగిలబడి గాయపడ్డ ఫ్రెంచి సైనికుడు. ఫ్రెంచివాడు చెయ్యి మెల్లగా కోటు జేబులోకి పోనిస్తూ "ఆగు, ఫోటో తీస్తున్నా, మా పాప ఫోటో" అంటాడు శుభ్రమైన తెలుగులో. కుర్రాడు వణికిపోతూ కాల్చేస్తాడు. హాల్లో కొందరు నవ్వారు, ఒకాయన గట్టిగానే అన్నాడు, చెప్తున్నాడు కదరా వినపడట్లేదా నీకు అని. అసలు సీన్ ఏమిటంటే వాడికి వినపడుతోంది, అర్థం కావట్లేదు. ఒకడికి ఫ్రెంచి రాదు, ఇంకోడికి జర్మన్ రాదు, అందుకే ఒక మనిషి చచ్చిపోయాడు. డబ్బింగ్‌లో అది కాస్తా పిల్లల తండ్రిని కావాలని చంపిన దుర్మార్గుడి కథ అయిపోయింది. సినిమా తీసినాయన చెప్పిందానికి సరిగ్గా రివర్స్.

1914 క్రిస్మస్‌కి ఆ ట్రెంచుల్లోనే చాలాచోట్ల కాల్పులు వాటంతటవే ఆగిపోయాయి, ఎదురుబొదురు సైన్యాలవాళ్ళు, ముఖ్యంగా జర్మన్లూ బ్రిటిష్‌వాళ్ళూ, ఒకళ్ళ పాటలు ఒకళ్ళు విని బయటికొచ్చి, సిగరెట్లూ బొత్తాలూ మార్చుకుని, మధ్యలో పడున్న శవాల్ని పూడ్చుకున్నారు. అప్పుడు మాటలు కలిసింది ఎలాగంటే జర్మన్లలో కొంతమంది యుద్ధానికి ముందు ఇంగ్లండులో హోటళ్ళలోనూ క్షౌరశాలల్లోనూ పనిచేసొచ్చినవాళ్ళు, వాళ్ళకి ఇంగ్లీషు వచ్చు. దీనిమీద 2005లో జ్వాయో నోయెల్ అని సినిమా వచ్చింది, ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు మూడూ వినిపిస్తాయి. దాన్ని కూడా ఒకే భాషలోకి దించేస్తే ఇక వాళ్ళు మొహమాటంగా, తడుముకుంటూ మాట్లాడుకోవడంలో అర్థమేముంది.

డబ్బింగ్ బదులు తెర కింద సబ్‌టైటిల్స్ వేస్తే జనం చదవరండీ అంటారు థియేటర్లవాళ్ళు. 2006లో హాలీవుడ్ డైరెక్టర్ క్లింట్ ఈస్ట్‌వుడ్ అంతటాయన, జపాన్ దీవి ఇవో జిమాలో జరిగిన యుద్ధం మీద ఒక సినిమాని దాదాపు మొత్తం జపనీస్‌లోనే తీశాడు, అమెరికాలో జనం కింద అక్షరాలు చదువుకుంటూనే చూశారు. జర్మన్ సైనికుల మీద వచ్చిన ఒకే నవలని 1930లో హాలీవుడ్‌వాళ్ళు ఇంగ్లీషులో తీస్తే 2022లో జర్మన్లు జర్మన్‌లో తీసుకున్నారు, దానికి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. మనవాళ్ళు మాత్రం ఎందుకు చదవరు, ఫోన్లో రోజంతా చదువుతూనే ఉన్నారుగా.

ఇంకోటి, డబ్బింగ్‌లో పోయేది మాటలొక్కటే కాదు. బాంబుల మోత, మ్యూజిక్ వేరే ట్రాకులో ఉంటాయి కాబట్టి అవి అలాగే వస్తాయి, నటుడి గొంతులోంచి వచ్చేదంతా, అంటే మూలుగు, ఎగశ్వాస, చలికి పళ్ళు కొట్టుకోవడం కూడా, చాలావరకు మళ్ళీ స్టూడియోలో చేయించాల్సిందే. డబ్బింగ్ ఆర్టిస్టులది కష్టమే, ఒక్కొక్కళ్ళు నలుగురు సైనికులకి చెప్తారేమో కూడా, కానీ నెలల తరబడి బురదలో పొర్లి నటించినవాడి ఊపిరీ మైకు ముందు నిలబడి తీసిన ఊపిరీ ఒకటి కావు, చెవికి తెలిసిపోతుంది.

అలాగని ఇప్పుడు వేసే తెలుగు సబ్‌టైటిల్స్ గొప్పగా ఉన్నాయని కాదు. మంచు మీద తెల్ల అక్షరాలు వేస్తారు, ఏం కనపడుతుంది? అక్షరం చుట్టూ నల్ల అంచు ఇస్తే సరిపోతుంది కదా. రెండు లైన్లు వేసినప్పుడు పై లైను ఒత్తులు వచ్చి కింది లైను గుడుల మీద కూర్చుంటాయి, ఇంగ్లీషు అక్షరాలకి పెట్టిన ఎడమే మన అక్షరాలకీ పెడితే అంతే అవుతుంది. ఒక్కోసారి మూడు లైన్ల డైలాగు వచ్చి రెప్ప వేసేలోగా పోతుంది. ఇవేమీ పెద్ద ఖర్చు పనులు కావు, రిలీజుకి ముందు తెలుగు చదవడం వచ్చిన మనిషి ఒకరు పెద్ద తెర మీద ఒకసారి చూస్తే చాలు.

చదవడం రానివాళ్ళు, చూపు ఆననివాళ్ళు ఉంటారు, వాళ్ళకి డబ్బింగ్ షో కావాల్సిందే, తీసేయమని నేననను. కానీ వినపడనివాళ్ళకి సబ్‌టైటిల్స్ తప్ప వేరే దారి లేదన్నది కూడా చూడాలి. రోజుకి ఒక్క షో అయినా సినిమా అసలు భాషలో, కింద తెలుగు అక్షరాలతో వేస్తే ఎవరికి కావాల్సింది వాళ్ళు చూసుకుంటారు. అన్నట్టు సినిమా అయ్యాక ఆ సైనికుల్లో ఎవరెవరు ఏమయ్యారో నల్ల తెర మీద రాస్తుంటే లైట్లన్నీ వేసేశారు, తలుపులు తీసేశారు, అదొక్కటే తెలుగులో చదువుకోడానికి ఇచ్చింది, అదీ చదవనివ్వలేదు.

థియేటర్లవాళ్ళు నా మాట వింటారన్న నమ్మకం పెద్దగా లేదు గానీ మీ చేతిలో ఒక పని ఉంది. మీ పేపర్లో రోజూ వేసే సినిమాల లిస్టులో సినిమా పేరు, టైము మాత్రమే ఉంటున్నాయి. దాని పక్కనే ఏ భాషలో వేస్తున్నారో, సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో, ఉంటే ఏ భాషలోనో కూడా వేయండి. థియేటర్ల నుంచి లిస్టు తెప్పించుకునేటప్పుడు ఈ రెండూ అడిగితే వాళ్ళు చెప్పక ఏం చేస్తారు, నాలాంటివాళ్ళకి వెళ్ళాలో మానాలో ఇంట్లోనే తేలిపోతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు