వార్షిక నివేదిక 2024–25: పునశ్చరణ ఆటల కార్యక్రమం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

మన పూర్వ విద్యార్థుల సంఘం ఈ విద్యా సంవత్సరంలో చేపట్టిన పనుల్లో ప్రధానమైనది, మనం చదువుకున్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు జరిపిన పునశ్చరణ ఆటల కార్యక్రమం. పుస్తకాల పంపిణీ, ఉపకార వేతనాలు యథాప్రకారం సాగాయి. ఆ వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

పాఠాన్ని పదే పదే చదివించడమే పునశ్చరణ అన్న అలవాటు మన బడుల్లో బలంగా ఉంది. 2006లో అమెరికా పరిశోధకులు రోడిగర్, కార్పికీ ప్రచురించిన ప్రయోగంలో, మళ్లీ చదివినవారు 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా రాయగా, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారు వారం తర్వాతి పరీక్షలో వారిని మించిపోయారు. అందువల్ల ప్రతి ఆటలోనూ పిల్లలు పుస్తకం మూసే ఆడాలని ఉపాధ్యాయులతో కలిసి నిర్ణయించుకున్నాం.

గణితానికి తంబోలా చక్కగా కుదిరింది. ‘12 వర్గం’ అని పిలిస్తే 144 ఉన్న గడిని కొట్టేయాలి. వైకుంఠపాళిలో గెలుపు పూర్తిగా పందెం మీదే ఆధారపడుతుంది కనుక, జవాబు చెబితేనే నిచ్చెన ఎక్కాలని, పాము నోట పడ్డవారు సరైన జవాబు చెబితే అక్కడే నిలవవచ్చని నియమాలు మార్చాం.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం కనిపించింది గొలుసు ఆటలో. వేర్వేరు పాఠాల్లోని మాటలు రాసిన అట్టముక్కలను జట్టుకు కొన్ని చొప్పున ఇస్తాం. ఒక ముక్క పక్కన మరొకటి పెట్టేవారు ఆ రెంటికీ సంబంధమేమిటో చెప్పాలి, ఎదుటి జట్టు ఒప్పుకోవాలి. 8వ తరగతిలో ఒక జట్టు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి అయోడిన్ దాకా గొలుసు అల్లింది: కాటన్ ఆధ్వర్యంలో 1852లో పూర్తయిన ఆనకట్ట వల్ల కాలువలు, కాలువల కింద వరి, బియ్యంలో పిండి పదార్థం, దాని మీద అయోడిన్ చుక్క వేస్తే వచ్చే ముదురు నీలిరంగు. సాంఘికశాస్త్రం నోటుబుక్కులో ఒకటి, సామాన్యశాస్త్రం నోటుబుక్కులో ఒకటిగా పడి ఉన్న విషయాలను, ఆ కాలువ గట్ల మీదుగానే బడికి వచ్చే పిల్లలు తామే కలుపుకోవడం ఎంతో సంతోషం కలిగించింది.

చురుకైన ఇద్దరు ముగ్గురే ఆటంతా నడిపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే తొందరగా చెప్పినవారికి అదనపు మార్కులివ్వడం మానేసి, జట్టు తరఫున ఎవరు మాట్లాడాలో చీటీ తీసి తేల్చాం. దీనితో జట్టులో అందరికీ విషయం వచ్చేలా చూసుకోవాల్సిన బాధ్యత పిల్లలదే అయింది. గంట కొట్టడానికి ముందు కొంత సమయం చర్చకు విడిగా ఉంచాలన్నది మా గట్టి అభిప్రాయం. తప్పు జవాబు ఎందుకు తప్పో అప్పుడే తెలుస్తుంది.

కేంద్ర విద్యాశాఖ 2023లో విడుదల చేసిన జాదూయీ పిటారా ఆటవస్తువుల పెట్టె 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఉద్దేశించినది కావడంతో, ఉన్నత పాఠశాలకు కావలసిన సామగ్రిని మనమే చేసుకున్నాం. వాడినవి అట్టలు, స్కెచ్ పెన్నులు, గవ్వలు, చింతగింజలు మాత్రమే.

వచ్చే ఏడాది 9వ తరగతి భౌతిక, జీవశాస్త్రాల అట్టముక్కలు తయారుచేయాలి. ఆ విషయాలు బోధించిన అనుభవమున్న సభ్యులు వేసవి సెలవుల్లోనే కార్యదర్శికి తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.