పచ్చ రంగు పూస్తే కారుకు ఛార్జింగ్ ఎక్కదు

అయ్యా,

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో విద్యుత్ కార్లకు ఛార్జింగ్ పార్కింగ్ గురించి పది రోజుల కిందట మీరు వేసిన వార్త చదివాను. ఎవరో ఒకరు రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు. నిన్న రాత్రి మా సెల్లారులో మళ్లీ కరెంటు పోయింది, ఇక ఆగలేకపోయాను.

ఎన్ని కార్లు పడతాయి, ఎన్ని పాయింట్లు పెడతారు అన్నది వార్తలో ఉంది. ఆ పాయింట్లకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో ఒక్క వాక్యం లేదు. మీ విలేకరిని తప్పుపట్టను. ప్లాన్లు మంజూరు చేసేవారే ఆ ప్రశ్న అడగడం లేదు. మా బిల్డరు చేసిందల్లా గోడకు పచ్చ రంగు కొట్టించి, ప్లగ్గు బొమ్మ వేయించి, 15 ఆంపియర్ల సాకెట్లు పన్నెండు బిగించడం. పన్నెండింటికీ ఒకటే ఫేజు, అంటే భవనానికి వచ్చే మూడు కరెంటు లైన్లలో ఒక్కటే. వాచ్‌మన్ గదికీ సెల్లారు దీపాలకూ కూడా అదే. మిగిలిన రెండు ఫేజులను ఎవరి కోసం దాచి ఉంచాడో ఆయనకే తెలియాలి.

పోయిన నెల ఒక రాత్రి, కింద ఏదో కాలుతున్న వాసన వస్తోందని వాచ్‌మన్ వచ్చి లేపాడు. దిగి చూస్తే ఒక సాకెట్ అంచు నల్లబడి, ప్లగ్గు అందులోనే కరిగి అతుక్కుపోయి ఉంది. లోడు మించితే పడిపోయి కరెంటు ఆపాల్సిన బ్రేకరు మాత్రం నిక్షేపంగా ఉంది. ఎందుకు పడిపోలేదని అడిగితే, "మాటిమాటికీ పడిపోతోందని పెద్దది వేయించాం సార్" అన్నారు మా సంఘం కార్యదర్శి. ఫ్యూజు తీగ బదులు మందపాటి రాగి తీగ చుట్టిన ఇళ్లలో విద్యుత్ ఇంజినీరుగా 32 ఏళ్ల ఉద్యోగంలో నేను విన్నదీ ఇదే మాట.

కారు ఛార్జింగ్‌ను ఇంకో గీజరులా లెక్కేయడమే అసలు తప్పు. గీజరు ఇరవై నిమిషాలు పనిచేసి ఆగుతుంది. అందరి గీజర్లూ ఒకేసారి వేయరు కాబట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. కారు అలా కాదు. ఆఫీసు నుంచి వచ్చి అందరూ ఎనిమిదింటికే ప్లగ్గు పెడతారు, గంటల తరబడి ఆపకుండా నిండు కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు చల్లబడేది రాత్రిపూటే. వేసవిలో ఏసీలతో ఆ విశ్రాంతి సగం పోయింది, మిగిలిన సగం కార్లు తినేస్తున్నాయి.

2019లో కేంద్రం మాదిరి భవన నిబంధనలను సవరించి పార్కింగ్‌లో 20 శాతానికి ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలంది. అన్ని పాయింట్లూ ఒకేసారి నడిచినా సరిపడే లోడు, దానిపై 1.25 రెట్ల భద్రత కూడా చూపమంది. వంద కార్ల సెల్లారులో 7.4 కిలోవాట్ల పాయింట్లు ఇరవై పెడితే 185 కిలోవాట్లు. మా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు మొత్తం సామర్థ్యమే 160 కేవీఏ, కిలోవాట్లలో అయితే ఇంకాస్త తక్కువే! ఈ అంకె చూసి ఒక అధికారి బెదిరిపోయి అనుమతి ఆపుతారు, ఇంకొకరు కాగితం మీద నింపి మరిచిపోతారు.

నిజానికి రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరేడు యూనిట్లు చాలు. ఇరవై కార్లకు 140 అనుకున్నా, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పరిస్తే సగటున 18 కిలోవాట్లు దాటదు. కావలసింది మూడు ఫేజులకూ సమంగా పంచిన ఛార్జర్లు, భవనం మొత్తం వాడకాన్ని కొలుస్తూ ఏసీల వేళ ఛార్జర్లకు కరెంటు తగ్గించి అర్ధరాత్రి దాటాక పెంచే కంట్రోలరు. అది ప్లాను గీసేటప్పుడే పెట్టాలి. ఆ తర్వాతైతే కేబుళ్ల కోసం గోడలు తవ్వుకోవాలి. మెయిన్ ప్యానెల్ నుంచి 60 మీటర్ల దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 32 ఆంపియర్లు పంపితే దారిలోనే 14 వోల్టుల దాకా పోతాయి. మా బిల్డరు వేసింది దానిలో సగం లావు కూడా లేదు.

భద్రత సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రతి పాయింటుకూ విడి సర్క్యూట్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే రక్షణ పరికరం, నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో సాకెట్, ఎక్స్‌టెన్షన్ తీగ వాడకూడదు, ఇవన్నీ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లో ఉన్నాయి. మా దగ్గర రెండో అంతస్తు బాల్కనీ నుంచి స్కూటరుకు వేలాడుతున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు వానకు తడుస్తూనే ఉంది. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో అందరం చూశాం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూము నుంచి లేచిన మంటలు, పొగ 8 మందిని పొట్టనపెట్టుకున్నాయి. తర్వాత కొన్నాళ్లు తనిఖీలు. తర్వాత షరా మామూలే. ఎర్త్ గుంతలో నీళ్లు పోశారా అని అడిగే తనిఖీ అధికారిని చూసి ఎన్నేళ్లయిందో! లిఫ్టు అయినా, అగ్నిమాపక సిలిండర్లు అయినా, కుర్చీలోంచి లేవకుండానే సంతకం పడుతోంది.

లోడు పెంచమని దరఖాస్తు పెట్టి నాలుగు నెలలైంది. వచ్చినవారు ట్రాన్స్‌ఫార్మరుకు జాగా చూపించమన్నారు. ప్లానులో జాగా ఉంది. నేల మీద అక్కడ ఇస్త్రీ షాపు ఉంది. దానికి కరెంటు కనెక్షన్ మాత్రం నాలుగు రోజుల్లో వచ్చిందట.

రోడ్డు పన్ను మాఫీ చేసి కార్లు కొనిపించిన ప్రభుత్వం, ఆ కారును ఇంటి దగ్గర ఏ తీగకు తగిలించాలో కూడా చెప్పాలి. నల్లబడిన సాకెట్ ఇంకా గోడకే ఉంది, మీ ఫొటోగ్రాఫరు ఎప్పుడైనా రావచ్చు. వచ్చేటప్పుడు టార్చిలైటు తెచ్చుకోమనండి.

— ఒక విశ్రాంత విద్యుత్ ఇంజినీరు, హైదరాబాద్