క్రివీ రీహ్ కథ నక్కపల్లివాళ్లకు తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

యుద్ధ వార్తల్లో ఉక్రెయిన్ ఉక్కు ఊరు క్రివీ రీహ్ పేరు వచ్చినప్పుడల్లా 'జెలెన్‌స్కీ సొంతూరు' అని ఒక ముక్క తగిలించి వదిలేస్తున్నారు. 2025 ఏప్రిల్ 4న పిల్లలు ఆడుకునే చోట క్షిపణి పడి అక్కడ 20 మంది చనిపోయారు. వాళ్లలో తొమ్మిది మంది పసివాళ్లు. అలాంటి ఊరి గురించి ఆ ఒక్క ముక్క చాలదు. పైగా ఆ ఊరి ఉక్కు కర్మాగారాన్ని నడిపే కంపెనీయే నక్కపల్లికీ వస్తోంది కాబట్టి, అనకాపల్లి జిల్లావాళ్లకు ఆ ఊరితో పని పడబోతోంది.

నేను బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి) దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ని. విశాఖలో మా 'గోదావరి' ఫర్నేసును సోవియట్ సాయంతో కట్టారు. దాని లోపలి పరిమాణం 3,200 ఘనపు మీటర్లు, మాకు అదే కొండంత. క్రివీ రీహ్‌లో 1974లోనే 5,000 ఘనపు మీటర్ల తొమ్మిదో నంబరు ఫర్నేసు వెలిగించారు. అప్పటికి ప్రపంచంలో అంతకంటే పెద్దది లేదు. పైగా వాళ్ల ఖనిజం వాళ్ల కాళ్ల కిందే ఉంది. మనకు బైలదిల్లా నుంచి రైళ్లలో రావాలి. ఆ కుళ్లు నాకు ఇప్పటికీ ఉంది.

ఇన్‌హులెట్స్, సక్సహాన్ నదులు కలిసేచోట 1775లో తపాలా గుర్రాలు మార్చుకునే మజిలీగా మొదలైన ఊరది. ఒలెక్సాండర్ పోల్ అనే భూస్వామి అక్కడి వాగు గట్లలో ఇనుప రాయి ఉందని గుర్తించి, ఏళ్ల తరబడి పెట్టుబడి కోసం తిరిగాడు. చివరికి ఫ్రెంచివాళ్లు డబ్బు పెట్టారు. 1884లో రైలు మార్గం పడి, ఈ ఖనిజానికీ తూర్పున ఉన్న దోన్బాస్ ప్రాంతపు బొగ్గుకూ లంకె కుదిరింది. 1934 ఆగస్టులో మొదటి ఫర్నేసు వెలిగింది. ఖనిజం ఎటు సాగితే ఊరూ అటే సాగింది. అందుకే అది గుండ్రంగా పెరగక, గనుల వెంట అరవై కిలోమీటర్లకు పైగా తాడులా పరుచుకుంది. జనాన్ని గనులకు, మిల్లులకు చేరవేయడానికి 1986లో అక్కడక్కడా భూగర్భ స్టేషన్లున్న ట్రామ్ వేశారు. గని కార్మికులు జీతాల కోసం, పని పరిస్థితుల కోసం 2020లో 43 రోజులు భూగర్భంలోనే ఉండిపోయారు. అలాంటి మొండి జనం.

అసలు సంగతి అమ్మకానిది. ప్రభుత్వానిదైన క్రివోరిజ్‌స్టాల్ కర్మాగారాన్ని 2004లో వేలం పెట్టారు. ఉక్రెయిన్‌లోనే వరసగా మూడేళ్లు ఏటా పది లక్షల టన్నుల కోక్ (ఫర్నేసులో వాడే, బొగ్గును కాల్చి చేసే ఇంధనం) తీసినవాడే కొనాలని షరతు పెట్టారు. అంటే బయటివాడు గుమ్మంలోకి రాకూడదన్నమాట. దాదాపు 80 కోట్ల డాలర్లకు కొన్నవాళ్లలో ఒకరు సాక్షాత్తూ నాటి అధ్యక్షుడి అల్లుడు. అంతకు రెట్టింపు ఇస్తామన్న విదేశీయులను పక్కన పెట్టారు. 2004 చివర ఎన్నికల అక్రమాల మీద జనం తిరగబడ్డ ఆరెంజ్ విప్లవం తర్వాత ఆ అమ్మకం రద్దయింది. 2005 అక్టోబరు 24న టీవీలో దేశమంతా చూస్తుండగా మళ్లీ పాట పాడితే మిత్తల్ స్టీల్ (తర్వాత ఆర్సెలార్ మిత్తల్ అయింది ఇదే) 480 కోట్ల డాలర్లకు దక్కించుకుంది. ఆరు రెట్లు! ప్రైవేటీకరణ చర్చల్లో ఒకరు 'చూశారా, అమ్మితే ఎంత వచ్చిందో' అంటారు, మరొకరు 'అంత విలువైనదాన్ని అమ్ముతారా' అంటారు. ఆ పాట ముగిశాక ఊళ్లో ఏం జరిగిందో మాత్రం ఇద్దరూ చెప్పరు.

ఏళ్లు గడిచేకొద్దీ ఉద్యోగులు బాగా తగ్గారు. ఎర్ర దుమ్ము తగ్గలేదని జనం మొత్తుకుంటూనే వచ్చారు. జెలెన్‌స్కీ 2019లో అధ్యక్షుడయ్యాక కొద్ది వారాలకే ఊరికి వెళ్లి, కాలుష్యం సంగతి తేల్చమని యాజమాన్యాన్ని నిలదీయాల్సి వచ్చింది. ఆ తర్వాత యుద్ధం వచ్చిపడింది. 2023 జూన్‌లో కఖోవ్‌కా ఆనకట్ట తెగి కర్మాగారానికీ ఊరికీ నీళ్లకు కటకటైంది. యుద్ధం తెచ్చిన కష్టాలను కంపెనీ లెక్కలో వేయడం న్యాయం కాదు. దుమ్ము అంతకుముందుది.

నక్కపల్లి మండలం రాజయ్యపేట దగ్గర ఉక్కు కర్మాగారం తలపెట్టిన సంస్థలో 60 శాతం వాటా ఆర్సెలార్ మిత్తల్‌దే. క్రివీ రీహ్ కర్మాగారాన్ని నడుపుతున్నదీ అదే. కర్మాగారం రావద్దని నేను అనను. ఉక్కు కూడు తిని పిల్లలను చదివించినవాణ్ని, అనలేను. కానీ కంపెనీవాళ్లు చూపించే రంగుల బొమ్మలతో పాటు, ఖనిజపు పొడిని ముద్దగట్టే సింటర్ ప్లాంటులో, కోక్ ఓవెన్లలో దుమ్మును పట్టి ఆపే ఏర్పాట్లేమిటో, అక్కడ కుదరనిది ఇక్కడ ఎలా కుదురుతుందో అధికారులు తెలుగులో చెప్పించాలి. గాలిలో దుమ్ము లెక్క రోజూ పంచాయతీ ఆఫీసు గోడ మీద బోర్డు పెట్టి రాయాలి. మీ విలేకరులు ఆ ఊరి కార్మిక సంఘాలను ఒకసారి పలకరించి, ఒక ఆదివారం పేజీ దానికి కేటాయిస్తే ఇంకా మేలు.

ఇంకొక్క చిన్న సంగతి. ఆ ఊరి పేరును కొందరు 'క్రివోయ్ రోగ్' అని రాస్తారు. అది రష్యన్ పలుకుబడి, మన చెవికి రోగంలా వినిపిస్తుంది. ఆ ఊరివాళ్ల ఉక్రెయిన్ భాషలో అది క్రివీ రీహ్. వంకర కొమ్ము అని అర్థం.

ఇట్లు,
విశ్రాంత ఉక్కు ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం