ఏడో కిలోమీటరు దగ్గర నీళ్లు లేవు

సంపాదకులకు నమస్కారం.

నాకు 54 ఏళ్లు. చెన్నై పెరంబూరులో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ధనుర్మాసం మొదలైతే సంక్రాంతి దాకా మిషన్ ముందు నుంచి లేవడం కష్టం. అయినా క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య వచ్చిన ఆదివారం నాడు మెరీనా ఒడ్డున జరిగిన పది కిలోమీటర్ల పరుగుకి వెళ్లాను. పది కిలోమీటర్ల పందెంలో పరుగెత్తడం నాకు అదే మొదటిసారి. ఆ రోజు జరిగినదాని గురించి మా అబ్బాయి చేత నిర్వాహకులకి రెండుసార్లు మెయిల్ పెట్టించాను. వచ్చే ఏడాదికి ఇప్పుడే పేరు ఇస్తే ఫీజు తగ్గిస్తామని జవాబు వచ్చింది. నేను అడిగింది ఫీజు గురించి కాదు, నీళ్ల గురించి. అందుకే మీకు రాస్తున్నాను.

మూడేళ్ల కిందట నాకు షుగర్ ఉందని తేలింది. రోజంతా కూర్చుని చేసే పని, నడవకపోతే కుదరదని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. మురసొలి మారన్ పార్కులో నడవడం మొదలుపెట్టాను. అక్కడ పరిచయమైనవాళ్లు రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అంటూ మెల్లగా నేర్పారు. మొదట్లో ఆ రెండు నిమిషాలకే ఆయాసం వచ్చేది. ఏడాదిన్నర పట్టింది పది కిలోమీటర్లు పూర్తి చేయడానికి. ప్రాక్టీసులో నాకు గంటా ముప్ఫై అయిదు నిమిషాలు పడుతుంది. అందుకే డబ్బు కట్టే ముందు నియమాల కాగితం మా అబ్బాయితో చదివించుకున్నాను. పది కిలోమీటర్లకి రెండు గంటల గడువు అని స్పష్టంగా రాసి ఉంది. ఆ మాట నమ్మి పదకొండు వందలు కట్టాను. అది నాలుగు లైనింగ్ బ్లౌజుల కుట్టుకూలి.

ఆ రోజు మూడున్నరకే లేచి స్నానం చేసి, వాకిట్లో ముగ్గు వేసి, మధ్యలో గుమ్మడి పువ్వు పెట్టి బయలుదేరాను. ఐదింటికల్లా నేపియర్ బ్రిడ్జి దగ్గర ఉన్నాం. 2022లో చెస్ ఒలింపియాడ్ జరిగినప్పుడు చదరంగం గళ్లు వేశారే, ఆ వంతెనే. సరిగ్గా ఆరింటికి వదిలారు. మొదటి నాలుగు కిలోమీటర్లు ఎలా గడిచాయో చెప్పాలని ఉంది, ఎందుకంటే నేను ఫిర్యాదు కోసమే రాస్తున్నానని ఎవరూ అనుకోకూడదు. ఎడమ పక్క సముద్రం, ముందు చీకటి, పక్కన వందల జతల కాళ్ల చప్పుడు. 1959 నుంచి అక్కడున్న కార్మికుల విగ్రహాన్ని ఎన్నిసార్లు బస్సులోంచి చూశానో లెక్కలేదు. నలుగురూ కలిసి బండని కదిలిస్తున్న ఆ మనుషుల పిక్కలు ఎంత బిగుసుకుని ఉన్నాయో ఆ రోజే గమనించాను. లైట్‌హౌస్ దాటేసరికి ఎండ పొడ తగిలింది. శాంథోమ్ చర్చి ముందు క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా వెలుగుతున్నాయి. ప్రార్థనకి వచ్చిన పిల్లలు రోడ్డు పక్కన నిలబడి మాకు చప్పట్లు కొట్టారు. నాకు కళ్లు చెమర్చాయి.

ఐదో కిలోమీటరు దగ్గర నీళ్లు దొరికాయి. అక్కడే ఒకటి చూశాను. రోడ్డు పొడుగునా చిన్న నీళ్ల సీసాలు పడి ఉన్నాయి, చాలావాటిలో సగానికి పైగా నీళ్లున్నాయి. ముందు వెళ్లినవాళ్లు రెండు గుక్కలు తాగి విసిరేసినవి.

డిసెంబరు తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కదా, నీళ్లకేం తొందర అని చూసేవాళ్లకి అనిపిస్తుంది. చెన్నైలో గాలి నిండా తేమ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడ ఆరదు, కారిపోతుంది. ఒంట్లోంచి నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం దిగదు. నలభై నిమిషాల్లో పందెం ముగించేవాడు ఎండ ముదిరేలోపే ఇంటిదారి పడతాడు. మెల్లగా వచ్చేవాళ్లమే ఎండలో ఎక్కువసేపు ఉంటాం. నీళ్లు ఎవరికి ఎక్కువ కావాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

అడయారు వంతెనకి ముందు, దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ రోడ్డు మీద ఏడో కిలోమీటరు బోర్డు కనిపించింది. ఆ రోడ్డంటే మా ఇంట్లో గౌరవం. 1937లో దుర్గాబాయమ్మ మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభలోనే మెట్రిక్‌కి చదువుకున్నానని మా అత్తగారు ఎంతో గొప్పగా చెప్పేవారు. బోర్డు పక్కనే నీళ్ల బల్ల ఉండాలి. ఉంది, కానీ మడిచేసి ఉంది. ఇద్దరు కుర్రాళ్లు ఖాళీ క్యాన్లు వ్యానులోకి ఎక్కిస్తున్నారు. నీళ్లడిగితే “ముడింజిడుచ్చు, అమ్మా” అన్నాడు ఒకబ్బాయి. అయిపోయాయట. వాచీ చూసుకున్నాను. ఏడూ పన్నెండు. గడువు ఎనిమిదింటి దాకా ఉంది. ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లని సర్దేయమన్నవాళ్లు ఎవరో ఉంటారు.

నోరు ఎండిపోయి, పిక్క పట్టేసి, “అయ్యో దేవుడా” అంటూ ఫుట్‌పాత్ మీద నిలబడిపోయాను. “ఏమక్కా, నీళ్లు కావాలా?” అని తెలుగులో ఎవరో అడిగారు. పారిశుద్ధ్య పని చేసే ఆమె. మేం పారేసిన కప్పులూ సీసాలూ గోనెసంచిలోకి ఎత్తుతోంది. ఈ నగరాన్ని తరతరాలుగా ఊడుస్తున్నవాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయని మీ పాఠకులకి తెలుసు. ఇంటి నుంచి తెచ్చుకున్న తన సీసా తీసి నా చేతికిచ్చింది. సగం తాగి చాలన్నాను. “తాగక్కా, ఇంకా చాలా దూరం పోవాల” అంది. నాలుగున్నరకి వచ్చిందట, తొమ్మిదిలోగా ఆ రోడ్డంతా శుభ్రం కావాలట. పందెం వాళ్లు టిఫినేమైనా ఇచ్చారా అనడిగాను. “మాకెవరిస్తారక్కా” అంది. ఆమె పేరు అడగకుండా వచ్చేశాను. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులో మెదులుతూనే ఉంది.

వంతెన మీద అడ్డు పెట్టిన బారికేడ్లు అప్పటికే తీసేశారు. బస్సులూ బైకులూ మా పక్క నుంచే దూసుకెళ్తున్నాయి. నా వెనక మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక పెద్దాయన వస్తున్నారు, డెబ్భై దాటి ఉంటాయి. ఇద్దరం వంతెన కాలిబాట మీద నడిచి దాటాం. అప్పటికి మా వెనక కనీసం నలభై మంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఏడూ నలభై ఒకటికి బీసెంట్ నగర్‌లో గీత దాటాను. అరటిపళ్లు లేవు, మెడల్ లేదు, కొరియర్‌లో పంపుతామన్నారు.

పార్కులో ఇది చెబితే ఒకాయన, “పందెం అంటే గెలిచేవాళ్లది, నడిచేవాళ్లు ఎందుకు రావడం?” అన్నారు. ఆయనకి నా జవాబు ఒకటే. గెలిచేవాళ్లు కొద్దిమందే. ఫీజు కట్టి ఆ పందేన్ని నిలబెట్టేది మాలాంటివాళ్లం. మా దగ్గర తక్కువ తీసుకోలేదు.

ట్రాఫిక్ పోలీసులకీ ఇబ్బందులుంటాయి, ఆదివారమైనా రోడ్డు తెరవాల్సిందే. అది నాకు అర్థమవుతుంది. రెండు గంటలు కుదరకపోతే గంటన్నరే అని ముందే రాయండి, నేను ఐదు కిలోమీటర్లకే పేరిస్తాను. లేదా మెల్లగా వచ్చేవాళ్లని ఐదున్నరకే వదలండి. సీసాల బదులు సగం నింపిన కప్పులు పెడితే అన్ని నీళ్లు రోడ్డు పాలు కావు. ఆఖరి మనిషి వెనక ఒక బండి రావాలి, ఆ బండి దాటేదాకా ఏ బల్లా మడవకూడదు. ఆ రోజు రోడ్డు ఊడ్చేవాళ్లకి టిఫిను, అదనపు కూలి కూడా పందెం ఖర్చులోనే లెక్కవేయాలి. టీషర్టులకీ వేదికకీ పెట్టినదానితో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు.

జనవరిలో ఇంకో పరుగు ఉందని మా వీధిలో ఇద్దరు నన్ను చూసి పేర్లిచ్చారు. ఒకామెకి బీపీ ఉంది. వాళ్లకి ఏం చెప్పి పంపాలో తెలియక ఇదంతా రాశాను. నా మెడల్ ఇంకా రాలేదు, రాకపోయినా ఫర్వాలేదు. ఏడో కిలోమీటరు బల్ల మీద గడువు ముగిసేదాకా నీళ్లుంటాయని నిర్వాహకులు మీ పత్రిక ద్వారా ఒక్క మాట చెబితే, వాళ్లిద్దరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు
పెరంబూరు, చెన్నై