పరీక్ష తెలుగు పేర్లతో జరగాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు తెలుగులో యాప్‌లు తేవడం సంతోషమే. అయితే మెనూలు తెలుగులో కనబడగానే పరీక్ష అయిపోయిందని సంతకం పెట్టేయడం చాలాచోట్ల జరుగుతోంది. తప్పులు బయటపడేది జనం టైప్ చేసే పేర్లలో.

‘శ్రీలక్ష్మి’నే తీసుకోండి. కంటికి మూడక్షరాలు. కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే యూనికోడ్‌లో 11 సంకేతాలు (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు విడివిడిగా లెక్క), వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 33 బైట్లు. పేరు గడికి 30 బైట్లే ఇచ్చి, మిగిలింది కత్తిరించే ప్రోగ్రాం రాస్తే గుడి ఊడి ‘శ్రీలక్ష్మ’ అవుతుంది. ఒరాకిల్ డేటాబేస్ అయితే దరఖాస్తునే తిప్పికొడుతుంది. అక్కడ గడి పొడవును చెప్పే వార్‌చార్2(30) అంటే, విడిగా చెప్పకపోతే, 30 బైట్లే. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక్క బైటే కాబట్టి ‘టెస్ట్ 123’తో ఈ లోపం ఎన్నటికీ దొరకదు.

ఐత్వాన్ని ఒక సంకేతంగానూ రాయొచ్చు, రెండుగానూ రాయొచ్చు. రెండు ‘శైలజ’లూ ఒకేలా కనిపిస్తాయి, వెతికితే ఒకటి దొరకదు. దాచేముందే రెంటినీ ఒకటి చేసే ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ రూపంలోకి మార్చాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో కంటికి కనబడని ఒక సంకేతం చేరితే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి, యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దింది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ వంటి జంట వత్తులు, ఐత్వం, సున్నా, పొడవాటి ఇంటిపేర్లు, ఇంగ్లిష్ పొడి అక్షరాలు కలిసిన పేర్లతో ఓ 40 వరుసల ఫైలు చాలు. ప్రతి బిల్డ్‌లోనూ, అంటే యాప్‌ను కొత్తగా తయారుచేసిన ప్రతిసారీ, ఆ పేర్లను దాచి, వెతికి, సవరించి, పీడీఎఫ్ తీసి, ఎస్సెమ్మెస్ పంపి చూడాలి. పీడీఎఫ్ దగ్గర మరీ జాగ్రత్త: తెలుగు లిపిని కూర్చడం రాని లైబ్రరీ వాడితే వత్తు కిందికి దిగదు, పొల్లు తేలి ధ్రువపత్రం మీద పేరే మారిపోతుంది. ఎస్సెమ్మెస్ ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 సంకేతాలే. దాటితే రెండు మెసేజ్‌ల ఖర్చు. ఒక్క పేరు తప్పినా విడుదల ఆగాలి. బగ్ (దొరికిన లోపం) రాసేటప్పుడు స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా టైప్ చేసిన పాఠం, కీబోర్డు, ఫోన్ వెర్షన్ జతచేయాలి. సరిచేసిన ప్రతి బగ్‌లోని పేరూ ఫైల్లో చేరాలి.

శాఖలు ఈ ఫైలును టెండరు పత్రానికే జతచేసి, అన్ని పేర్లూ నెగ్గితేనే యాప్‌ను స్వీకరిస్తామని రాయాలి. తెలుగు చదవగల టెస్టర్‌ను పేరు గడికి ఎన్ని బైట్లో నిర్ణయించే రోజే కూర్చోబెట్టాలి. లక్షల పేర్లు నిండాక గడి పెంచినా, అప్పటికే తెగిపోయిన గుడులు తిరిగి రావు.

— ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్, హైదరాబాద్