మచ్చ చూసి కోడెకు ధర కట్టకండి

సంపాదకులకు నమస్కారం.

నిరుడు కురుమూర్తి జాతరకు మా కోడెల జతను తోలుకుపోయాను. అమ్రాబాద్ పొడతూర్పు జాతివి, గట్టి గిట్టలు, మంచి నడక. ఒకదానికి ఎడమ కన్ను చుట్టూ అరచేయంత గోధుమరంగు మచ్చ, కుడివైపంతా తెలుపు. బేరం కుదిరి బయానా చేతికొచ్చాక, కొనేవాళ్ల వెంట వచ్చిన పెద్దమనిషి దాని ముఖం చూసి "ఒంటికంటి మచ్చ, ఇంటికి అచ్చిరాదు" అన్నాడు. బయానా వాపసు తీసుకున్నారు. చివరికి పది వేలు తక్కువకు అమ్ముకొని ఇంటికొచ్చాను.

ఆ మచ్చ ఎట్లా వస్తుందో పశువుల డాక్టరును అడిగి, చదివి తెలుసుకున్నాను. దూడ కడుపులో ఉండగానే రంగునిచ్చే కణాలు వెన్ను వెంబడి బయలుదేరి రెండు పక్కలా కిందికి పాకుతాయి. చేరిన చోట రంగు, చేరని చోట తెలుపు. అందుకే తెలుపు ఎక్కువగా నుదుటి మీద, పొట్ట కింద, కాళ్ల దగ్గర, తోక కుచ్చులో కనిపిస్తుంది. మచ్చలు రావడం జన్యువుల వల్లే అయినా, ఏ మచ్చ సరిగ్గా ఎక్కడ పడుతుందో వాటికీ తెలియదు. క్లోనింగ్‌తో పుట్టిన, ఒకే జన్యువులున్న ఆవులకు కూడా మచ్చలు ఒకే తీరుగా రాలేదు. ఇందులో కొన్నవాడి జాతకం ఎక్కడుంది?

అడవిలో మాత్రం రంగు చావుబతుకుల సంగతి. దుప్పి చుక్కలు ఆకుల సందుల్లోంచి పడే ఎండలో కలిసిపోతాయి. దుప్పి కంటికి ఎరుపు తెలియదు కాబట్టి మనకు నారింజగా కనిపించే పులి దానికి గడ్డి రంగులోనే ఉంటుంది. అక్కడ తెల్లమచ్చతో పుట్టిన జీవి ముందే కంటబడుతుంది. మనిషి కాపలాలోకి వచ్చిన పశువుకు ఆ భయం తగ్గింది. 1959లో నాటి సోవియట్ రష్యాలో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త మచ్చికయ్యే నక్కలనే ఏరి ఈనించడం మొదలుపెట్టారు. కొన్ని తరాలకే నుదుట తెల్లచుక్కతో పిల్లలు పుట్టాయి. రంగు చూసి ఆయన ఒక్కదాన్నీ ఏరలేదు.

పొడతూర్పును కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. పొడ అంటేనే మచ్చ. మచ్చ పేరు చెప్పి మంచి కోడెను కోతకు పంపితే దాని సంతానం కూడా పోయినట్టే. వచ్చే జాతరలో పశుసంవర్ధక శాఖవారు పశువుల అంగడి దగ్గర ఈ విషయం తెలుగులో బోర్డు రాసి పెట్టాలి. బేరం జరిగేచోట ఒక డాక్టరును కూర్చోబెట్టి, గిట్ట, పన్ను, నడక ఎట్లా చూడాలో రైతులకు చెప్పించాలి.

- ఒక రైతు, అచ్చంపేట మండలం, నాగర్‌కర్నూల్ జిల్లా