వొలాస్త్రా బాటలో గోడ నిలబెట్టిన మేస్త్రి గారికి

ఇటలీలోని చింక్వే తెర్రే తీరప్రాంతంలో, మనరోలా ఊరికి పైన, కొండ భుజం మీద ఉన్న చిన్న ఊరు వొలాస్త్రా. అక్కడినుంచి పక్క ఊరు కోర్నీల్యా వైపు ద్రాక్షతోటల మీదుగా వెళ్లే కాలిబాటలో కూలిన రాతిగోడను మళ్లీ కట్టి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు మీరు. ఆ బాటన నడిచే అందరి తరఫునా మీకు నమస్కారాలు.

సిమెంటు చుక్క కూడా వాడలేదు. అసలు గొప్పతనం అదే. వాననీళ్లు రాళ్ల సందుల్లోంచి కారిపోవాలి. సందులు పూడితే వెనక మట్టి తడిసి బరువెక్కుతుంది, గోడ మధ్యలో పొట్టలా ఉబ్బుతుంది, ఆ తర్వాతి పెద్దవానకు కూలుతుంది. మీరు ఉబ్బిన చోట అతుకు వేసి ఊరుకోలేదు, పునాది దాకా విప్పారు. పెద్ద రాళ్లు అడుగున పెట్టారు. పొడవాటివి లోపలికి చొచ్చుకుపోయేలా, ప్రతి రాయీ కింది రెండు రాళ్ల అతుకు మీద కూర్చునేలా పేర్చారు. గోడ మొత్తం కొండవైపు కాస్త వాలి ఉంది. వెనక నింపింది మట్టి కాదు, జానెడు మందాన చిల్లరాళ్లు. పైకి కనిపించదని చాలామంది ఎగ్గొట్టే పని ఇదే. చేత్తో గట్టిగా కదిపినా ఒక్క రాయీ కదల్లేదు.

చింక్వే తెర్రే 1997లో యునెస్కో జాబితాకెక్కడంలో ఇలాంటి రాతిగోడలు ఆపి ఉంచే కొండవాలు మెట్ల చేలదే పెద్ద పాత్ర. సిమెంటు లేకుండా రాయి పేర్చే విద్యకూ 2018లో ఆ గుర్తింపు దక్కింది. 2011 అక్టోబర్ 25 వానకు ఇక్కడి ఊళ్లు వెర్నాజా, మొంతెరోస్సో బురదలో కూరుకుపోయాయి. బాగోగులు చూడని చేల దగ్గర వాలు త్వరగా జారుతుంది.

మిగిలిన రాళ్లు బాట పక్కన కుప్పపోశారు. వచ్చే మరమ్మతుకు అవే కావాలి, ఎవరూ ఎత్తుకుపోకుండా చూస్తాం.